"వద్దు" అను మాటకు వెనుక

పట్టా చేతికి వచ్చిన వారందరికీ బల్ల, కుర్చీ గల ఉద్యోగమే లభించదు. మాలో కొందరము జీవిత బీమా ఏజెంట్లుగా పనిచేయుచున్నాము. ఈ వృత్తిలో నెలజీతము లేదు. పాలసీ కుదిరిననే కమీషను. కావున ఎదుటివారు పలుకు "వద్దు" అను చిన్న మాట మా ఇంటి బియ్యపు డబ్బా వరకు వచ్చి తాకును. వరుసగా పది గుమ్మములలో కాదనిపించుకొన్న నాడు పదునొకండవ తలుపు తట్టుటకు చేయి జంకును. ఆ జంకును దాటుట ఎట్లన్నదే విద్యార్థి సోదర సోదరీమణులతో మేము ముచ్చటించదలచిన విషయము.

నిరాకరణలన్నియు ఒకే జాతివి కావు. పత్తర్‌గట్టీ దుకాణదారునికి ఉదయము బోణీ కాకమునుపు మన మాట వినుటకు మనసు రాదు. శుక్రవారము జుమా నమాజు వేళ సమీపించినప్పుడు సంభాషణ పెంచుట మర్యాద కాదు. నెలాఖరున ప్రీమియము మాటెత్తిన జీతగాండ్ర ముఖములు చిన్నబోవును. ఈ "వద్దు"లు ఆయా వేళలకు చెందినవి, మన యోగ్యతకు చెందినవి కావు. అందుచే మేము ఒక చిన్న నోటుపుస్తకములో ప్రతి నిరాకరణకు ఎదురుగా దాని వేళను, కారణమును వ్రాసుకొందుము. వ్రాసినంతనే బాధ కొంత తగ్గును. మరునాడు ఏ వేళకు ఎక్కడికి వెళ్ళవలెనో తెలియును.

కొందరు వడ్డీ సంబంధమైన విశ్వాసము చేత వద్దందురు. వారితో వాదించము, సలాము చెప్పి లేచెదము.

మరికొందరు స్తోమత లేక వద్దందురు. దినకూలితో బ్రతుకు కుటుంబమునకు పెద్ద ప్రీమియము అంటగట్టుట అన్యాయము. వాయిదా దాటిన తరువాత నెలసరి చెల్లింపులకు 15 దినములు, తక్కిన వానికి 30 దినములు గడువు కలదు. అప్పటికిని కట్టలేకపోయిన పాలసీ నిలిచిపోవును. తొలి సంవత్సరములలో ఆగిన, కట్టిన సొమ్ములో చాల భాగము నష్టమగును. నచ్చని పాలసీని పత్రము అందిన 30 దినములలోగా వాపసు చేయు హక్కు 2024 నుండి కొనుగోలుదారునకు కలదు. ఈ సంగతులన్నియు మేము సంతకమునకు ముందే చెప్పుదుము. చెప్పినందున చేజారిన బేరములు లేకపోలేదు. అయినను ఆ వీధిలోనికి మరల తలెత్తుకొని వెళ్ళగలుగుచున్నాము. ఈ వృత్తిలో మనిషిని నిలబెట్టునది ఆ ధైర్యమే.

పాలసీలు ఎన్ని కుదురునో మన చేతిలో లేదు. గుమ్మములు ఎన్ని ఎక్కుదుమో మన చేతిలోనిదే. కావున సాయంకాలము మేము లెక్కించునది రెండవదానినే. ఉర్దూలో "సబ్ర్" అనియు, తెలుగులో "ఓర్పు" అనియు మన ఇండ్లలో తరచు వినబడు మాటకు ఈ వీధులలో మేము తెలిసికొన్న అర్థమొకటి కలదు: నిన్న కాదన్న వారిపై కోపము లేకుండ నేడు మరియొక తలుపు తట్టుట. రేపు ఏ వృత్తిలో ప్రవేశించినను ఈ ఓర్పు మీకు తోడుగా నుండవలెనని మా ఆకాంక్ష.