నిమ్మకాయలు తొక్కడమే తెలిసిన కాంటెస్సా మద్రాసు బయల్దేరింది!

ఎనభైల్లో, తొంభైల్లో వచ్చిన సినిమాలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పొడుగాటి కారు ఒకటి బంగళా గేటులోంచి దూసుకొచ్చి కీచుమని ఆగేది. డోరు తెరుచుకోగానే ముందు తెల్లబూట్లు కనిపించేవి. ఆ తరవాత తాపీగా విలన్‌గారు దిగేవారు. ఆ కారే కాంటెస్సా!

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1984లో దాన్ని మన రోడ్ల మీదికి దింపారు. ఒళ్ళు ఇంగ్లండు వాక్స్‌హాల్ కంపెనీ మోడల్‌ది, గుండె మాత్రం మన అంబాసిడర్‌ది. అంత శరీరానికి ఆ ఇంజను చాల్లేదు. ఆ తరవాత జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు పెట్టారు. అప్పుడు చూడాలి దాని పరుగు! మారుతి, ఫియట్, అంబాసిడర్ తప్ప వేరే ఎరగని ఆ రోజుల్లో కుర్రకారు కలల్లోకొచ్చిన బండి అదే. 2002లో తయారీ ఆపేశారు.

అలాంటి కాంటెస్సా 1.8 ఒకటి యూసఫ్‌గూడలో మా మావయ్య ఇంటి షెడ్డులో ఉంది. మావయ్య మద్రాసులో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశాడు. సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు మకాం మార్చిన రోజుల్లో ఆయనా తన సామాను ఆ కారు డిక్కీలో వేసుకుని వచ్చేశాడు. మోకాళ్ళ నొప్పులొచ్చి నడపడం మానేశాక బండి షెడ్డుకే పరిమితమైపోయింది. ఏటా దసరాకి కడిగి, బొట్టుపెట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, మళ్ళీ లోపలికి నెట్టేవాళ్ళం. పదకొండేళ్ళలో మీటరు మీద తిరిగింది 340 కిలోమీటర్లు. అందులోనూ సగం రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కోసం ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళిరావడమే!

2025 జనవరి నెలాఖర్లో మావయ్య నుంచి ఫోనొచ్చింది.

"ఒరేయ్ అల్లుడూ, మద్రాసు వెళ్ళాలి. బండి తియ్యి."

సాలిగ్రామంలో ఆయన పాత స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. కాస్ట్యూమ్స్ చూసేవాడు. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఆయన్ని ఫిబ్రవరి చివర కూతురు బెంగుళూరు తీసుకెళ్ళిపోతోంది, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. విమానంలో అయితే గంటం పావులో దిగొచ్చు కదా అన్నాను.

"వాడు నన్ను చూడాలని అనట్లేదురా. బండిని చూడాలంటున్నాడు" అన్నాడు మావయ్య. ఆయన నవ్వాడో, గొంతు సవరించుకున్నాడో ఫోన్లో తెలియలేదు.

సరే, నాకా కార్లంటే పిచ్చి. కానీ పిచ్చి వేరు, తెలివి వేరు కదా! దగ్గర్లో ఉన్న ఓ వర్క్‌షాపుకి బండిని లాక్కుపోయి చూపించాను. రెండు రోజులుంచుకుని, కొత్త బ్యాటరీ వేసి, మెరిసేలా కడిగి "కశ్మీరు దాకా వెళ్ళిరండి సార్" అన్నారు. బిల్లు కూడా ఇంచుమించు కశ్మీరు ప్రయాణమంతా ఉంది. వెళ్ళిపోయేవాణ్ణే. ఎందుకో పాత బండ్లు బాగుచేసే ఓ ముసలి ఉస్తాద్‌కి ఒకసారి చూపిద్దామనిపించింది.

ఆయన బానెట్ ఎత్తలేదు. టైరు దగ్గర గొంతుక్కూచుని, చొక్కా అంచుతో దాని పక్క తుడిచి, నన్ను పిలిచి చూపించాడు. అచ్చుపోసిన నాలుగంకెలు: 0809.

"2009ల ఎనిమిదో వారం తయారైంది సాబ్. గీతలు చూస్తే కొత్తగనే ఉన్నయ్. లోపల రబ్బర్ సచ్చిపోయింది. మీరు వంద మీద పోతుంటే పగుల్తది. అప్పుడు కశ్మీర్ కాదు, ఏడికి పోతరో మీరే చెప్పాలె."

నా కాళ్ళు చల్లబడ్డాయంటే నమ్మండి! టైరు అరిగితేనే మార్చాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అరక్కపోయినా వయసు మీద పడుతుంది. ఆరేళ్ళు దాటిన టైరును అనుమానించాలి, పదేళ్ళు దాటితే మాట్లాడకుండా తీసెయ్యాలి. స్టెప్నీ అయితే ఇంకా పెద్దది, 2007ది. ఐదూ మార్పించాం.

మూడు వారాలు కావాలన్నాడు ఉస్తాద్. నా దగ్గర రెండున్నర ఉన్నాయి. బేరం పెట్టబోతే "అయితే ట్రైన్‌ల పోండ్రి" అని సుత్తి తీసుకుని వేరే బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈ లోకంలో బేరం కుదరని మనుషులు ఇద్దరే, పురిటి మంత్రసాని, పాతబండి మెకానిక్!

ఆ రోజుల్లో నేను రోజూ ఆ షెడ్డుకెళ్ళి స్టూలు మీద కూచునేవాణ్ణి. ఎక్కువ తిరిగిన బండే పాడవుతుందని మనం అనుకుంటాం. ఉస్తాద్ లెక్క వేరు. తిరిగే బండి అరుగుతుంది, నిలబడ్డ బండి కుళ్ళుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే కొబ్బరిపీచు, పాత పంచాంగం కాగితాలతో ఎలుకలు కట్టుకున్న గూడు! ట్యాంకులోంచి తీసిన పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది, అడుగున తుప్పు. అదే కార్బురేటర్ లోపలి సన్నటి రంధ్రాల్లో జిగురులా పట్టేసింది. ఆ జెట్లను విప్పి, నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేయడానికే రెండు రోజులు. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, ఆనాటి రబ్బరు పైపులకు పడదు. అందుకని ట్యాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు పైపులన్నీ కొత్తరకంవి వేశాడు.

వెనక చక్రాలు విప్పితే ఇంకో తమాషా. హ్యాండ్ బ్రేక్ వేసి నెలలతరబడి వదిలేయడంవల్ల బ్రేక్ షూలు డ్రమ్ములకి అతుక్కుపోయాయి. వీల్ సిలిండర్లలో పిస్టన్లు తుప్పుతో బిగుసుకున్నాయి. బ్రేక్ ఆయిల్ కూడా ఊరికే కూచుంటే గాల్లో తేమ తాగుతుందట. వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ నొక్కితే కాలు దూదిలోకి దిగినట్టుంటుంది తప్ప బండి ఆగదు. మా దాంట్లోంచి తీసిన బ్రేక్ ఆయిల్ కషాయంలా ఉంది. ఇలాంటి బండిని "కశ్మీరు దాకా" అన్నారు చూడండి మహానుభావులు!

ఇంజను మాత్రం బాగానే ఉంది. కానీ ఉస్తాద్ సెల్ఫ్ కొట్టనివ్వలేదు. ముందు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త కాస్త ఆయిలు పోసి ఒక రాత్రంతా వదిలేశాడు. మర్నాడు పెద్ద పానాతో చేత్తోనే నెమ్మదిగా తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఎక్కడా పట్టలేదు. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి అప్పుడు తాళం తిప్పమన్నాడు. రెండు దగ్గులు దగ్గి, తెల్లపొగ వదిలి, ఆ మూలుగు మొదలైంది చూడండీ... మావయ్యకి ఫోన్లో వినిపించాను. "ఐడిల్ కొంచెం ఎక్కువుంది, తగ్గించమను" అన్నాడు. అంతే!

కాగితాల పని నా వంతు. ఎప్పుడో పోయిన ఫుల్ ఇన్సూరెన్స్ మళ్ళీ తీసుకున్నాను. కార్బురేటర్ సరిచేశాక పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కదా, లేకపోతే అప్పట్లో టోల్‌గేట్ల దగ్గర రెట్టింపు కట్టాల్సి వచ్చేది. మా కాంటెస్సా అద్దం మీద ఆ స్టిక్కరు అతికిస్తుంటే పట్టుపంచె కట్టిన తాతగారికి చేతి గడియారం బదులు స్మార్ట్ వాచీ పెట్టినట్టుంది.

బయల్దేరేముందు ఆదివారం ఒక ట్రయల్ వేశాం, విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాకా. వెళ్ళేటప్పుడు వెన్న మీద కత్తిలా వెళ్ళింది. ఐదో గేరులో తొంభై దగ్గర స్టీరింగు చేతిలో నిద్రపోతోంది. నాలో విలన్ నిద్రలేచి తెల్లబూట్లు తొడుక్కోబోయాడు! తిరుగు ప్రయాణంలో పంతంగి టోల్‌గేట్ దగ్గర, సెలవు ముగించుకుని సిటీకి వచ్చే కార్ల వరసలో ఇరుక్కున్నాం. పది నిమిషాలయ్యేసరికి వేడి ముల్లు ఎర్రగీత వైపు పాకింది. ఛార్జింగ్ లైటు కూడా మినుకుమంది. పక్కకు తీసి ఆపేశాను. అరచేతులు చెమటతో జారిపోతున్నాయి. పక్కన మావయ్య ఉండుంటే, అది అద్దంకి అవతల మిట్టమధ్యాహ్నం అయ్యుంటే అన్న ఆలోచన ఒక్కటే.

పాత ఫ్యాన్ బెల్టు జారుతోందట. నీళ్ళపంపు, ఫ్యాను, ఆల్టర్నేటర్ మూడూ తిరిగేది ఆ ఒక్క బెల్టు మీదే. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది కాబట్టి రోగం బయటపడలేదు, నిలబడ్డప్పుడు పడింది. ఉస్తాద్ తనే తిట్టుకున్నాడు, "చూసిన, బాగుందనుకున్న" అని. బెల్టు, రేడియేటర్ హోస్ పైపులు, థర్మోస్టాట్ కొత్తవి వేసి, అదనంగా ఒక బెల్టు డిక్కీలో పెట్టాడు. డబ్బులు తీసుకోలేదు.

ఫిబ్రవరి మూడోవారంలో తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. సుమారు 630 కిలోమీటర్లు. ఉస్తాద్ ఆజ్ఞలు రెండు: ఎనభై దాటొద్దు, ప్రతి వంద కిలోమీటర్లకీ ఆగి నాలుగు చక్రాల మధ్యభాగం చేత్తో తాకి చూడాలి. ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ కాలితే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. చక్రాలకి నాడి చూడటమన్నమాట. నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగి నల్గొండ బత్తాయి తోటలు, మిర్యాలగూడ రైసుమిల్లులు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన ఎక్కేసరికి పొద్దెక్కింది. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. మావయ్య కారాపించి కృష్ణకి దణ్ణం పెట్టుకున్నాడు. నేను చక్రాలకి పెట్టుకున్నాను.

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దుమ్ము మా నల్లకారుకి పౌడరు అద్దింది. మేదరమెట్ల దగ్గర కలకత్తా-మద్రాసు హైవే ఎక్కాక ఇక దారి తిన్నగా ఉంది. లారీలు, బస్సులు, చివరికి పెళ్ళివారి వ్యాను కూడా హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయింది. అందులోని కుర్రాళ్ళు కిటికీలోంచి ఫోన్లు తీసి కారుని వీడియో తీసుకున్నారు. నా కాలు ఒక్కసారి కిందికి వెళ్ళింది. "తొంభై" అన్నాడు మావయ్య కళ్ళు మూసుకునే. ఇంజను శబ్దాన్ని బట్టే చెప్పేస్తాడు! నెల్లూరులో భోజనం, తడ దాటగానే తమిళ బోర్డులు.

ఆర్కాట్ రోడ్డులో ప్రవేశించేసరికి సాయంత్రం ఆరు. మెట్రో పనుల బారికేడ్ల మధ్య బండ్లు అంగుళం అంగుళం కదులుతున్నాయి. మావయ్య వడపళని వైపు చూస్తూ ఏ ఫ్లోర్ ఎక్కడుండేదో చెబుతున్నాడు. విజయా-వాహినీ స్టూడియో నేలలో కొంత ఇప్పుడు షాపింగ్ మాల్, 2013లో తెరిచారు. ఆయన చెప్పిందంతా నేను వినలేదు. నా కళ్ళు వేడి ముల్లు మీదే ఉన్నాయి. నలభై నిమిషాలు. ముల్లు సగం దగ్గర కూచుంది. కదల్లేదు.

సాలిగ్రామంలో ఆయన వీల్‌చైర్‌లో గేటు దగ్గరే ఉన్నాడు. మావయ్యకి మాటలు వెతుక్కునే పని పెట్టకుండా, పనిచేసే చేత్తో ముందు డోరు చూపించాడు. ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. మావయ్య అటు తిరిగి డ్రైవరు సీట్లో కూచున్నాడు. కారు కదల్లేదు. వాళ్ళూ దిగలేదు. ఆయన మాట ముద్దముద్దగా వస్తోంది, నాకు సగం అర్థం కాలేదు. మావయ్య మాత్రం ప్రతిదానికీ జవాబు చెబుతున్నాడు. దోమలు మొదలయ్యాక ఆయన కూతురు వచ్చి అద్దాలు ఎత్తుకోమంది. ఎనిమిదిన్నర దాకా అలాగే ఉన్నారు.

మర్నాడు పొద్దున కారు కింద నేల మీద నల్లటి ఆయిలు చుక్క కనిపించింది. గుండె దడదడలాడుతూ ఉస్తాద్‌కి ఫోన్ చేశాను.

"ఎంతుంది? రూపాయి బిళ్ళంతనా, రొట్టెంతనా?"

"రూపాయి బిళ్ళంత."

"అయితే నిమ్మలంగ రాండ్రి" అని పెట్టేశాడు.