కోదాడ తెరుచుకుంటుంది, సూర్యాపేట తెరుచుకోదు

పైథాన్ స్క్రిప్టులు రాసేవాళ్లకు ఒక తమాషా. ఇంగ్లిష్ విండోస్‌లో, వాడేవాళ్లు ఎంచుకున్న ఫైలును ఎన్‌కోడింగ్ చెప్పకుండా తెరిస్తే, పైథాన్ 3.14 వరకు మామూలుగా 1252 కోడ్‌పేజీలో చదువుతుంది. తెలుగు పొల్లుకు (ఒత్తుల్లో దాగి ఉండేదీ ఇదే) యూటీఎఫ్-8లో చివరి బైటు 8డి. ఆ కోడ్‌పేజీలో 8డి గడి ఖాళీ! అందుకే ఫైల్లో 'సూర్యాపేట', 'మిర్యాలగూడ' కనబడగానే స్క్రిప్టు ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. ఒత్తు లేని 'కోదాడ' మాత్రం ఆగదు, పిచ్చి గుర్తులుగా మారి లోపలికి వచ్చేస్తుంది. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం, ఎవరూ గమనించరు కదా.

తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసెయ్యండి. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేసిన సీఎస్‌వీ అయితే యూటీఎఫ్-8-సిగ్. అన్నట్టు, ఫైలు ఎంచుకోకుండా క్యాన్సిల్ నొక్కేవాళ్లూ ఉంటారు. టికింటర్ డైలాగ్ అప్పుడు ఖాళీ పేరు ఇస్తుంది, తెరిచేముందు అదీ చూసుకోండి.