చౌరస్తాలో కొని వండిన పాస్తా సాస్

మలేసియాలో పెనాంగ్ దీవి మీది జార్జ్ టౌన్ 2008లో యునెస్కో వారసత్వ నగరమైంది. అక్కడి పెనాంగ్ రోడ్డులో ఒక పాత మార్కెట్ ఉంది. పేరు చౌరస్తా! అవును, మన చౌరస్తా మాటే. చేపలు, కూరగాయలు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి.

వారానికి రెండుసార్లు పాస్తా అడిగే పిల్లలుంటే, దిగుమతి సాస్ సీసాలకే బోలెడు రింగిట్లు పోతాయి. కానీ టమాటా పచ్చడి చేసే చేతికి ఈ సాస్ ఎంత పని? కామెరాన్ హైలాండ్స్ కొండల్లో టమాటాలు బాగా పండుతాయి. మార్కెట్లో కాస్త మెత్తబడిన పండ్లు అడగండి, సాస్‌కి అవే మంచివి.

కిలో టమాటాలకు రెండు ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక చిన్న క్యారెట్ తురుము. క్యారెట్ పులుపును తగ్గిస్తుంది, చక్కెర అక్కర్లేదు. ఆలివ్ నూనే కావాలని లేదు, ఇంట్లో నూనె చాలు. ఇవన్నీ మగ్గాక టమాటా ముక్కలు, ఉప్పు వేసి సన్న సెగ మీద ముప్పావు గంట ఉంచండి. పచ్చడిలో లాగే అంచుల్లో నూనె తేలితే అయినట్టే. చేయి ఆవాల డబ్బా మీదికి పోతుంది, ఆపుకోండి!

ఇటలీ బేసిల్ ఖరీదనుకుంటే థాయ్ బేసిల్ వాడండి. దానిది సోంపు వాసన, దించాక నాలుగాకులు చాలు. పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటెడు కలిపితే సాస్ చక్కగా పట్టుకుంటుంది.

ఇది నలుగురికి ఒక పూటకు వస్తుంది. రెండింతలు చేసి సగం ఫ్రీజర్లో పెడితే, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు అదే ఆదుకుంటుంది.