వన్ బై టూ

"వన్ బై టూ లేదు మేడమ్. ఎవరిది వాళ్లే తీసుకోవాలె."

హైదరాబాద్‌లో కొత్తగా తెరిచిన ఒక రెస్టారెంట్‌లో బేరర్ ఈ మాట అన్నాక ఆమెకు ఆ పూట అన్నం సహించలేదు. ఆమె లాల్‌గడి మలక్‌పేట్ అనే ఊరి ఆడబిడ్డ. పద్నాలుగేళ్లుగా టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా మొదటి ఆదివారం ఇంటిల్లిపాదినీ పట్నంలో భోజనానికి తీసుకుపోవడం అలవాటు. ఈసారి తొమ్మిది మంది: బాపు, అమ్మ, నాయనమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, అక్క, బావ, వాళ్ల పిల్లగాడు, తను. బాపు మెనూ కార్డు తెరవనే లేదు. "నాలుగు స్వీట్ కార్న్ తే. వన్ బై టూ చెయ్. మా అమ్మకు వద్దు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన హోటల్లో మొదట అనే మాట అదే.

కుదరదని తెలిశాక ఆయన మెల్లగా "అయితే సూప్ వద్దులే బిడ్డా" అన్నాడు. ఎనిమిది సూపులకు డబ్బులిచ్చే స్తోమత కూతురికి ఉందని ఆయనకు తెలుసు. ఒక్కడికి ఒక నిండు గిన్నె ఎక్కువని కూడా తెలుసు. పారేసే తిండికి ఆర్డర్ ఇవ్వడం ఆయనకు చేతకాదు.

ఆమె బాధ వేరే. ఈ కట్టడిని ఆమె అమెరికాలో చూసింది, అక్కడే వదిలేసి వచ్చాననుకుంది. పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ ఒక వంటకం చెప్పి, ఇంకో ఖాళీ ప్లేటు అడిగారు. బిల్లులో ఆ ప్లేటుకు విడిగా డబ్బులు పడ్డాయి. ఖాళీ ప్లేటుకు! ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తర్వాత కారణం అర్థమైంది. అక్కడ వడ్డించేవాళ్ల బతుకంతా టిప్పు మీదే. టిప్పు వచ్చే ఉద్యోగికి టిప్పుతో కలిపి కనీస వేతనం అందితే, యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని సమాఖ్య చట్టం. 1991 నుంచి ఆ అంకె మారలేదు, టెక్సాస్‌లో నేటికీ అదే. బిల్లు తగ్గితే టిప్పు తగ్గుతుంది. ఇద్దరు కూర్చున్న బల్ల మీద ఒక్క వంటకమే వస్తే వడ్డించే పిల్లకు ఆ బల్ల మీది టిప్పు సగం పోయినట్టే. అది తెలిశాక ఆమె వాళ్ల మీద కోపం మానుకుంది, టిప్పు ఎక్కువే ఇస్తుంది.

మరి ఇక్కడ ఏ కారణం? సూప్ ఖరీదు పూర్తిగా ఇస్తున్నారు. 2017 నవంబర్ నుంచి మామూలు రెస్టారెంట్ బిల్లు మీద పడే 5 శాతం జీఎస్టీ కూడా పూర్తిగా కడుతున్నారు. అదనంగా కావలసింది ఒక ఖాళీ గిన్నె, ఒక చెంచా.

అమెరికా హోటళ్లను ఆమె తక్కువ చేసి మాట్లాడదు. అక్కడ చక్రాల కుర్చీ లోపలికి వెళ్లని హోటల్ ఆమెకు తగలలేదు. ఇక్కడ నాయనమ్మను చిన్నాయన, బావ చెరో రెక్క పట్టుకుని పదకొండు మెట్లు ఎక్కించారు. అక్కడ కూర్చోగానే మంచినీళ్లు ఊరికే వస్తాయి. "బిస్లేరీయా, నార్మలా?" అని ఎవరూ అడగరు. మిగిలింది డబ్బాలో కట్టిస్తారు, అందులో ఎవరికీ నామోషీ లేదు. ఇవన్నీ మన హోటళ్లు నేర్చుకోవాలి. నేర్చుకోవలసినవి ఇన్ని ఉండగా, గిన్నె దగ్గర లెక్క చూడటం ఒక్కటే ఎందుకు నేర్చుకున్నట్టు?

ఆమె చిన్నప్పుడు లాల్‌గడి మలక్‌పేట్‌లో హోటలంటే మిర్చి బజ్జీ, చాయ్. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ పరిశ్రమలు వచ్చి, రాజీవ్ రహదారి వెంట ఫ్యామిలీ రెస్టారెంట్లు లేచింది తర్వాత. అప్పట్లో బయట తినడమంటే దసరా బట్టలకు సికింద్రాబాద్ పోయిన రోజే. బస్సు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దించేది. జనరల్ బజార్‌లో బట్టలు కొన్నాక, స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో "ఫ్యామిలీ" అని రాసిన గదిలో పరదా వెనుక కూర్చునేవాళ్లు. నలుగురికి రెండు మటన్ బిర్యానీలు. బేరర్ అడగకముందే నాలుగు ప్లేట్లు పెట్టేవాడు. నల్లి బొక్క ఒక్కటే వస్తే అమ్మ తీర్పు చెప్పేది: "ఈ దసరాకు అక్కకు, వచ్చే దసరాకు నీకు." ఆఖర్న రెండు చాయ్‌లు, రెండు ఖాళీ కప్పులు. డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా మరిగించి కలిపిన ఆ చాయ్‌ని అమ్మ సమంగా పోసేది. అక్క కప్పులో ఒక్క చుక్క ఎక్కువైనా ఈమె ఊరుకునేది కాదు. ఇర్వింగ్‌లో ఆమె కొడుకుకు ఈ పోట్లాట తెలియదు. ప్రతిసారీ వాడి ప్లేటు వాడిదే.

వన్ బై టూ అంటే పిసినారితనమని ఇప్పుడు పట్నంలో కొందరి అభిప్రాయం. అదే పట్నం మందీ కోసం ఎగబడుతోంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన యెమెన్ అరబ్బుల సంతతి ఉండే బార్కాస్‌లో దొరికే ఆ వంటకం ఇప్పుడు ఊరి నలుమూలలా ఉంది. ఒకటే పెద్ద పళ్లెం, చుట్టూ నలుగురైదుగురు, అందరి చేతులూ అందులోనే. ఒకే పళ్లెంలో తినడం ముచ్చటైనప్పుడు, ఒక సూప్‌ను రెండు గిన్నెల్లో పోయడం చిన్నతనం ఎలా అవుతుంది?

తర్వాతి ఆదివారం ఆమె పట్నం పోలేదు. ఇంటికి దగ్గరలో, రాజీవ్ రహదారి మీద మెట్లు లేని ఒక చిన్న ఫ్యామిలీ రెస్టారెంట్‌కు తీసుకుపోయింది. బాపు ఈసారి కొంచెం జంకుతూనే అడిగాడు. బేరర్ "ఎనిమిది గిన్నెలే కద పెద్దాయనా?" అని లోపలికి పోయాడు. నాయనమ్మకు అడగకుండానే పెరుగన్నం వచ్చింది. బిల్లు కట్టేటప్పుడు ఆమె ఇర్వింగ్‌లో ఇచ్చినట్టే టిప్పు ఇచ్చింది.

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతికి సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ సంస్కృతిలో బిర్యానీ, హలీమ్ ఎంతో, అడగకుండా వచ్చే ఆ ఖాళీ గిన్నె కూడా అంతే. హోటళ్లు నడిపే అన్నలకు, తమ్ముళ్లకు ఆమె కోరేది ఇదొక్కటే: ఏసీ పెట్టండి, ధర పెంచండి, పేరు ఏ భాషలోనైనా పెట్టుకోండి. వన్ బై టూ మాత్రం తీసేయకండి.