అడిగాకే అప్పగింత

గెత్సేమనే తోటలో యేసుప్రభువు ఒకే ప్రార్థన మూడుసార్లు చేశాడని మత్తయి రాశాడు. తన ముందున్న శ్రమల గిన్నె తొలగించమని అడగడానికి ఆయన మొహమాటపడలేదు. పౌలు కూడా తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప మాత్రం దొరికింది.

మనమేమో మనసులో ఉన్నది అడగకుండానే "అంతా దేవుని చిత్తం" అని నిట్టూరుస్తాం. లేదంటే సంబంధం ఖాయం చేసుకుని, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కూడా కట్టేసి, అప్పుడు పాస్టరుగారితో ప్రార్థన చేయిస్తాం. అది దేవుణ్ణి అడగడమా, సంతకం పెట్టమనడమా?

కోరికను దాచకుండా ఆయన ముందు పెట్టి, జవాబు మనకు నచ్చకపోయినా ఆయన వెంటే నడవడం. సమర్పణ అంటే నాకు అర్థమైంది ఇంతే. అడగడానికి సిగ్గెందుకు? అడిగాక ఆయన మాట మనం వినకపోతేనే కదా భయపడాలి!