పోయినదానికి మాఱుగా

దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినవను సామెత మనలో విననివారుండరు. మేమిప్పుడు వ్రాయబూనిన సంగతియు నట్టిదే. మా కెమెరా పోయి ఆఱు నెలలు దాటినది. దొంగ దొరకలేదు; సొత్తును దొరకలేదు. అయినను దానికి మాఱుగా మఱియొకటి కొనుటలో మేము పడిన సందేహములును, నేర్చిన పాఠములును సోదరీమణులకు కొంతయైన ఉపకరించునను నాసతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బడిపంతులుగారి యిల్లాలికి కెమెరా యేల యని కొందఱనుకొనవచ్చును. మేము బడికి పోయి చదివినది స్వల్పము. మా తాతగారు వీధియరుగుమీద కూర్చుండబెట్టి అమరముతో ఆరంభించి రఘువంశమువఱకు వల్లె వేయించిరి. భారతమును తామే చదివి వినిపించిరి. కోనసీమలోని మా పుట్టింట వారి భోషాణములో తాటియాకుల కట్ట యొకటి కలదు. అది తిక్కనగారి విరాటపర్వమునకు ప్రతి, 182 ఆకులు. తాతగారు పోయిన తరువాత దానిని విప్పువారు లేరు. ఏటేట అంచులు రాలుచుండుట చూచి, ఆకులన్నిటికి ఛాయాచిత్రములు తీసి యుంచవలెనని సంకల్పించుకొంటిమి.

“అచ్చుపుస్తకాలు ఎన్ని లేవే, ఈ ఆకులకోసం ఇంత శ్రమ ఎందుకు?” అని మా అన్నగారు నవ్విరి. విరాటపర్వము అచ్చులో నున్నమాట నిజమే. కాని మా కట్టలోని కడపటి ఆకు ఏ అచ్చులోను లేదు. దానిపై వ్రాసినవాని పేరును, విశ్వావసు అని సంవత్సరము పేరును ఉన్నవి. విశ్వావసు అఱువదేండ్ల కొకమాఱు వచ్చునది. 2025లో వచ్చినట్లే 1965, 1905, 1845 సంవత్సరములలోను వచ్చినది. తాతగారికి తాతగారి చేతివ్రాత యని యింటివారి మాట గనుక అది 1845 కావచ్చునని మా యూహ. ఆ క్రింద చిన్న పంక్తి యొకటి కలదు. ఇంటి కోడలు చదువుకొనుటకై ఈ ప్రతి వ్రాసి యిచ్చినట్లు దానివలన తెలియుచున్నది. ఆ కోడలి పేరుండవలసిన చోట మాత్రము మసి చెదరిపోయి అక్షరములు కంటికి ఆనలేదు. అన్ని యేండ్లక్రిందట మా యింట భారతము చదివిన ఆడుది ఎవరో తెలిసికొనవలెనని మాకు ఎంత యాత్రముండెనో సోదరీమణులే గ్రహింపగలరు. ఛాయాచిత్రము తీసి, ఇంటికి పోయి, పెద్దది చేసి తీరికగా చదువుకొందము లెమ్మని తలచితిమి.

2025 మే నెలలో, బడి సెలవులలో, అయిదు దినములు కూర్చుండి ఆకులన్నిటికి ఇరుప్రక్కల చిత్రములు తీసితిమి. రాజమహేంద్రవరమున రాత్రి రైలెక్కి, కెమెరా సంచి తలక్రింద పెట్టుకొని పండుకొంటిమి. నిద్రలో తల ఎప్పుడు జాఱెనో, సంచి ఎప్పుడు పోయెనో తెలియదు. తెల్లవాఱుజామున మేలుకొని చూచుసరికి తలక్రింద మడిచిన దుప్పటి మాత్రమే యున్నది. కెమెరాయు, దాని లెన్సును, అందులోని కార్డును, కార్డులోని 364 చిత్రములును పోయినవి. మావారు మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనిన బాగుండెడిదని తోచినది.

దిగినచోటనే రైల్వే పోలీసులకు ఫిర్యాదు వ్రాసి యిచ్చితిమి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టముల ప్రకారము, దొంగతనము ఏ యెల్లలో జరిగినను ఏ స్టేషనులోనైన ఫిర్యాదు తీసికొనవలెను. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని మనకు ఉచితముగా ఇయ్యవలెను. అక్కడ కెమెరా సంఖ్య యడిగిరి. బిల్లు ఎప్పుడో పోయినది, సంఖ్య వ్రాసియుంచుకొనలేదు. మావారి బడిలోని కంప్యూటరు మాష్టరుగారు, పూర్వము ఆ కెమెరాతో తీసిన మా పిల్లవాని చిత్రపు ఫైలును తెఱచి, అందు దాగియున్న కెమెరా సంఖ్యను చూపిరి. చిత్రముతోపాటు తీసిన దినము, లెన్సు మొదలగు వివరములను కెమెరా తానే వ్రాసికొనునట. మా నికాన్ డి 3300 తన సంఖ్యను గూడ వ్రాసికొన్నది. బీమా సంగతి విచారింపగా, ఇంటి వస్తువులకు వ్రాయించిన బీమా ప్రయాణములో పోయినవానికి సాధారణముగా వర్తింపదనియు, వెంట తీసికొనిపోవు వస్తువులకు వేఱుగా వ్రాయించుకొనవలెననియు తెలిసినది. మాకు రెండును లేవు.

చీటీ పాడగా వచ్చిన 45,000 రూపాయలు చేతనున్నవి. మొదట మా మనసు పోయినదానినే మరల కొనవలెనని పట్టుపట్టినది. పోయినది పోయినట్లే తిరిగి వచ్చినచో దుఃఖము తీఱునని యొక భ్రమ. మా అన్నగారి కుమారుడు వచ్చి, “అత్తా, ఇప్పుడందరూ అద్దం లేని కెమెరాలే కొంటున్నారు. కొంటే పెద్ద సెన్సారుదే కొను” అనెను. మావారు, “ఇంత డబ్బు పెట్టడమెందుకు? ఫోను చాలదా?” అనిరి. ముగ్గురివి మూడు దారులు.

అప్పుడు మేమొక కాగితము తీసికొని, మిగిలిన వస్తువులేవో, చేయవలసిన పనియేదో వ్రాసికొంటిమి. చార్జరు, అదనపు బ్యాటరీ యొకటి, ట్రైపాడు పుట్టింట మఱచివచ్చుటచే దొంగకు దక్కలేదు. చేయవలసిన పని, కదలని ఆకులకు చిత్రములు తీయుట. అద్దములేని కెమెరాలు తేలికయైనవి, చురుకైనవి. ఎగురు పక్షికిని, పరుగెత్తు పిల్లవానికిని ఆ చురుకుదనము మిక్కిలి పనికివచ్చును. తాటియాకు పరుగెత్తదు గదా!

సెన్సారు సంగతి లెక్కవేసి చూచితిమి. మా ఆకు పొడవు 16 అంగుళములు, వెడల్పు అంగుళమున్నర. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో చిత్రము అడ్డముగా 6000 చుక్కలుండును. అటునిటు కొంత విడిచి 17 అంగుళముల మేర పట్టినచో అంగుళమునకు 350కి పైగా చుక్కలు వచ్చును. ఆకుమీది అక్షరము చదువుటకు అవి చాలును. సెన్సారు పెద్దదైనను చుక్కలు 6000 మాత్రమే యైనచో అక్షరమునకు వచ్చు పాలు పెరుగదు. మసక వెలుతురున పెద్ద సెన్సారు మేలే. కాని దీపము, ట్రైపాడు ఉన్నవారికి ఆ లోటు తెలియదు. ఇక ఫోను మాట. ఇంటి ముచ్చటలకు దానిని మించినది లేదు. అయితే మా ఫోను తీసిన చిత్రమును తానే నున్నచేసి, గీతలకు పదును పెట్టును. సగము చెరగిన అక్షరమున ఏ గీత వ్రాసినవానిదో, ఏ గీత యంత్రము కల్పించినదో చెప్పుట కష్టము.

ఇట్లు విచారింపగా, డబ్బు పెట్టవలసినది లెన్సు మీదనని తేలినది. పాత కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు 18 వద్ద, తిన్నని గీతను అంచులవైపు ఉబ్బినట్లు వంచి చూపును. మాక్రో లెన్సులు చదునైన వస్తువును చదునుగా, అంచులవఱకు స్పష్టముగా చూపుటకు తగినవి. అందులోను 40 మిల్లీమీటర్లదా, 105 మిల్లీమీటర్లదా యను సందేహము వచ్చినది. పదునేడంగుళముల మేర పట్టుటకు మొదటిదానికి సుమారు రెండున్నర అడుగుల ఎత్తు చాలును. రెండవదానికి ఆఱడుగులకు పైగా కావలెను. అటుకమీద కెక్కి చిత్రములు తీయుట మావలన కాదు గనుక 40దే నిశ్చయించితిమి. దానికొక లోపము లేకపోలేదు. మిక్కిలి చిన్న వస్తువునకై దగ్గఱకు పోయినప్పుడు లెన్సు నీడ వస్తువుపై బడును. పూవులలోని పురుగులను తీయగోరువారు పెద్దదానినే కొనవలెను.

కెమెరాకు నికాన్ డి 5600 అనునది 2016లో వచ్చినది. మా పాత చార్జరు, బ్యాటరీ దానికి సరిపోవును. దాని తెర ప్రక్కకు తెఱచుకొని తిరుగును. ఇది చిన్న సంగతివలె కానవచ్చునుగాని మా నడుము దీని విలువ నెఱుగును. పూర్వము పీటపై ఆకు నుంచి, పైనుండి క్రిందికి చూచునట్లు కెమెరా బిగించి, తెర చూచుటకు ప్రతిమాఱును లేచి వంగవలసివచ్చెడిది. 364 మాఱులు లేచి కూర్చుంటిమి!

క్రొత్తవి కొను తాహతు లేక వాడినవానికై వెదకితిమి. మొదటి దుకాణములో మేము కోరిన కెమెరాయే 20,000కు చూపిరి. బిల్లు లేదు, పెట్టె లేదు. ఎవరిదని యడుగగా సరియైన జవాబు రాలేదు. తక్కినచోట్ల ధరకంటె ఆఱు వేలు తక్కువ. ఒక్క నిమిషము మనసు ఊగిసలాడినది, దాచనేల? కాని దాని పట్టీపై సూదితో కుట్టిన చిన్న పువ్వొకటి కనబడెను. ఎవరో ఇల్లాలు కుట్టుకొన్న పువ్వు. కొన్నవారి చేతులతోనే దొంగతనము పూర్తియగునని ఆ నాడు మాకు తెలిసినది. కెమెరా నక్కడనే యుంచి వచ్చివేసితిమి.

రెండవచోట, అమ్మువారి పేర బిల్లు గలదానిని, బిల్లులోని సంఖ్యయు కెమెరా అడుగుననున్న సంఖ్యయు సరిచూచి, 26,000కు కొంటిమి. ఎన్ని చిత్రములు తీసినదో ఆ కెమెరాతో తీసిన చిత్రపు ఫైలే చెప్పును. తెల్లని గోడను చిన్న ఎపర్చరుతో తీసి చూచినచో సెన్సారుపై దుమ్ము మచ్చలుగా తెలియును. లెన్సును దీపమునకెదురుగా పట్టి చూడవలెను. సాలెగూటి పోగులవంటివి కానవచ్చినచో అది బూజు. సముద్రతీరపు తేమలో అది తఱచు పట్టును. బూజు లేని లెన్సు 12,500కు దొరికినది. పోర్టబుల్ హార్డుడిస్కు 5,000, చిన్న ఎల్.ఇ.డి. దీపము 1,200. మొత్తము 44,700 రూపాయలు. మిగిలిన 300తో మావారు మిఠాయి తెచ్చిరి.

దసరా సెలవులలో పుట్టింటికి పోయితిమి. ఈమాఱు ఒక్కొక్క చిత్రములో అయిదేసి ఆకులు పేర్చితిమి. 74 చిత్రములతో పని ముగిసినది. కడపటి ఆకు కొఱకు కట్ట అడుగున చూడగా గుండె జల్లుమన్నది. మేము మేలో విప్పి కట్టినప్పటి ఒత్తిడికో, వానకాలపు తేమకో, దాని కొన విఱిగి పొడియై యున్నది. కోడలి పేరున్న చోటనే విఱిగినది.

తాటియాకుపై వ్రాత కలముతో పూసిన సిరా కాదు; గంటముతో చీల్చిన గీత. మసి ఆ గీతలో నిండిన నలుపు మాత్రమే. మసి పోయినను గీత పోదు. గది చీకటి చేసి, దీపమును ఆకు ప్రక్కగా, ఆకు ఎత్తునకే దించి, వెలుతురు ఏటవాలుగా ప్రాకునట్లు పెట్టితిమి. లెన్సును జానెడు దూరమునకు తెచ్చితిమి. ఒక్కొక్క గీతకు ఒక్కొక్క నీడ లేచినది. ‘సు’ కానవచ్చెను, దాని ప్రక్కను ‘బ్బ’. అటుపైన విఱిగినది.

సుబ్బమ్మయో, సుబ్బాయమ్మయో, సుబ్బలక్ష్మియో! మేలో మేము తీసిన చిత్రములో తక్కిన అక్షరములును ఉండియుండును. ఆ చిత్రము ఏ కార్డులో చెరిగిపోయెనో! కెమెరాకు మాఱు దొరికినది. ఆ చిత్రమునకు మాఱు లేదు. ఆ అయిదు దినములలో ఏ సాయంకాలమైనను అరగంట కూర్చుండి అన్నగారి కంప్యూటరులోనికి ప్రతి ఎక్కించియుండిన యెడల ఆ ముత్తవ్వ పేరు నేడు మా నోట పలుకుచుండెడిది.

కావున సోదరీమణులారా, మీ యింట కెమెరా యున్నను ఫోనే యున్నను, దాని సంఖ్యను నేడే పద్దుపుస్తకములో వ్రాసికొనుడు. బిల్లును దాచుడు. తీసిన చిత్రములను ఆ పూటకాపూట మఱియొకచోటికి ఎక్కింపుడు. ఇప్పుడు మా చిత్రములు హార్డుడిస్కులో నొకటి, అన్నగారియింట నొకటి, గూగుల్ డ్రైవులో నొకటిగా మూడు ప్రతులున్నవి. దసరానాడు తిరుగు రైలెక్కినప్పుడు కెమెరా సంచిలోనే యున్నది. కార్డు మాత్రము మా కొంగున ముడివేసికొంటిమి. మావారు చూచి నవ్విరి. మేము నవ్వలేదు. ఆ ముడిని తడవి చూచుకొనుచు తెల్లవాఱువఱకు మేలుకొనియే యుంటిమి.