అమ్మ నంబర్ చెప్పండి చూద్దాం!

తాతయ్య గూట్లోని సామాన్లకి నేను పెట్టిన పేరు ‘మ్యూజియం’. రెండు సెల్స్ వేసే టార్చి, తోలు కవరున్న ట్రాన్సిస్టర్, రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునే హెచ్ఎంటీ వాచీ. ఇంటర్‌లో నాకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాక ఆయన్ని ఏడిపించడమే పని. ‘ఇవన్నీ ఇందులోనే ఉన్నాయి తాతయ్యా, ఇంకా ఎందుకవి?’ అనేవాడిని. ‘ఉండనీరా, తిండేటైనా అడుగుతున్నాయా?’ అనేవాడు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. అత్తయ్యకి ఆపరేషన్ అని అమ్మానాన్న రాజమండ్రిలో ఉన్నారు. సీతమ్మధార ఇంట్లో తాతయ్య, నేను. ముందు కరెంట్ పోయింది, తర్వాత సిగ్నల్ పోయింది. సిగ్నల్ లేనప్పుడు ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ ఛార్జింగ్ ఇంకా ఎక్కువ తాగేస్తుందని నాకప్పుడు తెలీదు. చీకటి పడ్డాక దాన్నే టార్చిలా వాడాను. రాత్రికల్లా ఆగిపోయింది.

పోయింది ఒక్క ఫోనే. కానీ దాంతోపాటే టైమ్, లైట్, పాటలు, వార్తలు అన్నీ పోయాయి.

తాతయ్య టార్చి వేశాడు. దానికి వెలగడం తప్ప ఇంకో పని రాదు. అందుకే దాని సెల్స్ ఇంకెవరూ ఖాళీ చెయ్యలేదు. ట్రాన్సిస్టర్ చెవి మెలేస్తే గరగరమంటూ ఏదో స్టేషన్ తగిలింది. తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటిందని విన్నాం. కిటికీలు దడదడలాడుతున్నా ఆ గొంతు వింటుంటే కాస్త ధైర్యం వచ్చింది.

మూడో రోజు, రెండు వీధుల అవతల ఒకరింట్లో ల్యాండ్‌లైన్ పనిచేస్తోందని తెలిసింది. పరుగెత్తాం. గంటసేపు లైన్లో నిలబడితే రిసీవర్ చేతికొచ్చింది. ముందు తొమ్మిది... తర్వాత? అమ్మ నంబర్ గుర్తులేదు! నా ఫోన్లో అది ‘అమ్మ’ అనే పేరే తప్ప నంబర్ కాదు. వెనకాల జనం విసుక్కుంటున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. తాతయ్య చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అంకె చదివాడు.

‘హలో’ అనగానే అమ్మ భోరుమంది. ‘తాతయ్య మందులేసుకుంటున్నారా?’ అనడిగింది. అప్పుడు నేనూ ఏడ్చేశాను.

ఇప్పుడు నా ఫోన్లో డబ్బులు, టికెట్లు, ఆధార్ కూడా ఉన్నాయి. అది లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్లను. ఎనిమిది వస్తువులు మోసే ఓపిక నాకూ లేదు. కాకపోతే మంచం పక్కన అలారం గడియారం, గూట్లో టార్చి, పర్సులో అయిదు నంబర్లు రాసిన కాగితం పెట్టుకున్నాను. తాతయ్య లేడు. ఆయన ట్రాన్సిస్టర్ మాత్రం సెల్స్ వేస్తే ఇప్పటికీ పలుకుతుంది.

సరే, మీరిది ఫోన్లోనే చదువుతుంటారు కదా. ఒక్క నిమిషం దాన్ని పక్కనపెట్టి, అమ్మ నంబర్ చెప్పండి చూద్దాం!